ఒంటరిగా క్యాంపర్‌వ్యాన్‌లో అడిలైడ్ నుంచి డార్విన్ దాకా: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

బెజవాడ_పిల్ల
అందరికీ నమస్కారం. నేను అడిలైడ్‌లో ఏజ్డ్ కేర్‌లో పనిచేస్తాను. నాలుగేళ్లయింది ఆస్ట్రేలియా వచ్చి, సముద్రం ఒడ్డు ఊళ్లే తిరిగాను తప్ప లోపలికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. జులైలో మూడు వారాలు సెలవు దొరికింది. చిన్న క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుని స్టువర్ట్ హైవే మీద డార్విన్ దాకా, మధ్యలో ఉలూరు అనే పెద్ద ఎర్రరాతి కొండ చూసుకుంటూ, ఒక్కదాన్నే వెళ్దామనుకుంటున్నాను. స్నేహితుల్లో ఎవరికీ సెలవు కుదరలేదు, ఇంకో ఏడాది ఆగే ఓపిక నాకు లేదు.

అమ్మకి ఫోన్‌లో చెప్తే "తోడు లేకుండా ఎడారిలోకా" అని రెండు రోజులు మాట్లాడలేదు. పెట్రోల్ ఎక్కడ, పడుకోవడం ఎక్కడ, సిగ్నల్ లేనప్పుడు ఏం చేశారు, ఇవన్నీ నిజంగా వెళ్లినవాళ్లు చెబితే అమ్మకి కూడా చదివి వినిపిస్తాను.

ఎర్రమట్టి
నేను రెండేళ్ల కింద ఇదే దారిలో ఒక్కదాన్నే వెళ్లాను చెల్లీ. జులై మంచి నెల, నవంబర్ నుంచి మార్చి మధ్య అయితే నేనే వద్దనేదాన్ని.

ముందు పెట్రోల్ సంగతి. పోర్ట్ అగస్టా దాటగానే ఊళ్లు అయిపోతాయి, రోడ్‌హౌస్‌లు మొదలవుతాయి. బంకు, చిన్న హోటల్, నాలుగు గదులు, క్యాంపింగ్ జాగా అన్నీ ఒక్క చోటే. నేను పింబాలో నింపుకుని గ్లెన్‌డాంబోలో ఆగలేదు, ముల్లు ఇంకా పైనే ఉంది కదా అని. గ్లెన్‌డాంబో తర్వాత కూబర్ పీడీ దాకా రెండొందల యాభై కిలోమీటర్లు ఒక్క పంపు కూడా ఉండదు. ఆ రోజు ఎదురుగాలి. క్యాంపర్‌వ్యాన్ అంటే గోడని ముందు పెట్టుకుని తోలినట్టే కదా, మామూలు రోజు కంటే చాలా ఎక్కువ తాగేసింది. చివరి యాభై కిలోమీటర్లు ఏసీ కట్టేసి, అరవై మీద తోలుతూ, ఆ ఎర్ర లైటునే చూస్తూ వెళ్లాను. దారికి రెండు పక్కలా ఒపల్ రత్నాల కోసం తవ్విన తెల్లమట్టి కుప్పలు కనిపించాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. ఆ తర్వాత నుంచి ట్యాంకు సగానికి వస్తే చాలు, ఎంత ధర ఉన్నా నింపించాను. సిటీ కంటే చాలా ఎక్కువే ఉంటుంది, దాన్ని బడ్జెట్‌లో ముందే రాసుకో. కొన్ని చోట్ల రాత్రిళ్లు పంపులు మూసేస్తారు, అందుకని సాయంత్రం ఆగిన చోటే నింపేసి పడుకో. ఆలిస్ స్ప్రింగ్స్ ఊరి చుట్టుపక్కల బంకుల్లో "ఒపల్" అని రాసి ఉంటే కంగారు పడకు, అది పెట్రోలే. మత్తు కోసం పీల్చి ఆరోగ్యం పాడుచేసుకోకుండా, మత్తెక్కించే పదార్థాలు తగ్గించి తయారుచేసింది, మామూలు అన్‌లెడెడ్ బదులు పోసుకోవచ్చు.

పడుకోవడానికి నేను మూడు రాత్రులు ఫ్రీ రెస్ట్ ఏరియాల్లో, ఒక రాత్రి క్యారవాన్ పార్కులో, ఇలా తిప్పుకున్నాను. పార్కులో వేడినీళ్లు, బట్టలుతికే మిషన్, కరెంటు, టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసే డంప్ పాయింట్ ఉంటాయి. రెస్ట్ ఏరియాకి చీకటి పడ్డాక చేరొద్దు, నాలుగింటికే చేరితే పక్కన ఎవరున్నారో కనిపిస్తుంది. రిటైరయ్యి క్యారవాన్లతో తిరిగే పెద్దవాళ్లు ఎక్కడైనా ఉంటారు, వాళ్ల పక్కన పెట్టుకో.

పొడుగుబండి
ఆరేళ్లుగా ఆ రోడ్డు మీద రోడ్ ట్రైన్ (వెనక వరసగా ట్రైలర్లు తగిలించిన లారీ) తోలుతున్నాను. స్టీరింగ్ వెనకాల నుంచి మాకు కనిపించేది చెప్తాను, దయచేసి గుర్తుపెట్టుకోండమ్మా.

మా బండి యాభై మూడున్నర మీటర్ల దాకా పొడవుంటుంది. బ్రేకు నొక్కినా వెంటనే ఆగదు. మీరు మమ్మల్ని దాటాలంటే కనీసం కిలోమీటరున్నర ఖాళీ రోడ్డు కళ్లకి కనిపించాలి, కనిపించకపోతే వెనకే ఉండండి, పది నిమిషాలు పోతే పోయింది. ఎదురుగా మేం వస్తుంటే రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని ఎడమకి కొంచెం జరగండి. మా గాలి ముందు మీ వ్యాన్‌ని అవతలికి తోస్తుంది, దాటగానే లోపలికి లాగుతుంది. ఆ లాగేటప్పుడు భయపడి బ్రేకు తొక్కేవాళ్లని చాలామందిని చూశాను, తొక్కొద్దు. చేతిలో పట్టే యూహెచ్‌ఎఫ్ రేడియో (వాకీటాకీ లాంటిది) ఒకటి కొనుక్కుని 40వ ఛానల్ పెట్టుకోండి. "వెనకాల తెల్ల వ్యాన్ నాదే, మీరు చెప్పినప్పుడు దాటతాను" అని ఇంగ్లీషులో ఒక్క మాట చెప్తే ఏ డ్రైవరైనా సాయం చేస్తాడు.

సూర్యుడు దిగాక తోలొద్దు. కంగారూలు సంజెవేళ, తెల్లవారుజామున రోడ్డు పక్కకి వస్తాయి, లైటు చూసి ఎటు దూకుతాయో వాటికే తెలియదు. ఉత్తరాన చాలా చోట్ల కంచెల్లేవు, నల్ల ఆవు నల్ల రోడ్డు మీద పడుకుని ఉంటే అద్దం దగ్గరికొచ్చేదాకా కనపడదు. చాలా అద్దె వ్యాన్లకి ఊరి బయట రాత్రి తోలితే ఇన్సూరెన్సే వర్తించదు, ఆ కాగితం సంతకం పెట్టే ముందు చదవండి.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. చచ్చిన కంగారూ మీద గద్ద కూర్చుని ఉంటే దూరం నుంచే స్పీడు తగ్గించి హారన్ కొట్టండి. వెడ్జ్‌టెయిల్ గద్ద, రెక్కలు చాపితే మనిషి కంటే పొడుగు. కడుపు నిండా తిన్నది చప్పున లేవలేదు, నెమ్మదిగా లేస్తూ సరిగ్గా మీ అద్దానికే వస్తుంది. నా ముందు వెళ్తున్న కారు అద్దం అలా లోపలికి వచ్చేసింది.

మెల్‌బోర్న్_బాబాయ్
నాకు మీ వయసు కూతురుంది, అందుకే మనసులో మాట చెప్తున్నాను, తప్పుగా అనుకోవద్దు. పాతికేళ్లుగా ఇక్కడున్నాను. రోజుకి ఐదారు గంటలు మనిషి కనపడని దారి అది. బండి ఆగిపోతే? దొంగలొస్తే? బస్సు టూర్లు ఉన్నాయి కదా, నలుగురితో వెళ్లి రావచ్చు.

ఎర్రమట్టి
బాబాయ్ గారూ, మీ భయం నాకు అర్థమవుతుంది, మా నాన్న కూడా ఇదే అన్నారు. కానీ స్టువర్ట్ హైవే ఈ చివర నుంచి ఆ చివరిదాకా తారు రోడ్డు, జులైలో గంట ఆగితే ఏదో ఒక బండి వస్తుంది, వచ్చిన ప్రతి బండీ వేగం తగ్గించి "బాగానే ఉన్నావా" అని అడుగుతుంది. ఎదురొచ్చేవాళ్లు స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తి పలకరిస్తారు, రెండో రోజుకి మనకీ అలవాటైపోతుంది. ఒంటరిగా వెళ్తే ఉన్న చిక్కల్లా మనం ఎక్కడున్నామో, ఎప్పటికి చేరాలో మనం తప్ప ఇంకెవరికీ తెలియకపోవడం. ఆ ఒక్కటి సర్దుకుంటే మిగతావి సర్దుకోవచ్చు. నేను ప్రతి పొద్దున చెల్లికి మెసేజ్ పెట్టేదాన్ని: ఇక్కడ బయల్దేరాను, ఫలానా చోటికి ఇన్నింటికి చేరతాను, రాత్రి ఎనిమిదికి కూడా నా కబురు లేకపోతే ఆ రోడ్‌హౌస్‌కి ఫోన్ చెయ్యి, నంబరు ఇదీ అని.

ఆలిస్‌లో_ఓరుగల్లు
ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఉంటున్నాను, ఇక్కడి సంగతి కొంచెం.

జులై అంటే ఎండ అనుకుని పల్చటి దుప్పటితో వస్తారు మనవాళ్లు. పగలు హాయిగా ఉంటుంది, రాత్రి సున్నా దాకా పడుతుంది, ఒక్కోసారి ఇంకా కిందికి. పొద్దున వ్యాన్ అద్దం మీద మంచు గీకాల్సి వస్తుంది. మందం స్లీపింగ్ బ్యాగ్, ఉన్ని టోపీ తెచ్చుకోండి. వ్యాన్ లోపల తలుపులు మూసుకుని గ్యాస్ పొయ్యి వెలిగించి చలి కాచుకోవద్దు, ప్రాణం మీదికి వస్తుంది.

నీళ్లు రోజుకి పది లీటర్లు లెక్క వేసుకోండి, తాగడానికి, వంటకి, అత్యవసరానికి కలిపి. వ్యాన్ ట్యాంకులో నీళ్లు కాకుండా విడిగా ఒక ఇరవై లీటర్ల క్యాన్. కొన్ని రోడ్‌హౌస్‌ల బోరు నీళ్లు తాగడానికి పనికిరావు, పంపు పైన బోర్డు చూడండి.

సిగ్నల్ ఊళ్లలో, కొన్ని రోడ్‌హౌస్‌ల దగ్గర వస్తుంది, మధ్యలో ఉండదు. టెల్‌స్ట్రా సిమ్ తీసుకోండి, కవరేజీలో మిగతావాటికంటే అదే మేలు. పీఎల్‌బీ అని అరచేతిలో పట్టే పరికరం ఉంటుంది, అద్దెకి కూడా దొరుకుతుంది. ప్రాణాపాయం వస్తే యాంటెన్నా పైకి తీసి నొక్కితే శాటిలైట్ ద్వారా కాన్‌బెర్రాలోని రెస్క్యూ సెంటర్‌కి కబురు వెళ్తుంది, సిమ్ అక్కర్లేదు. ఈ లోపలి ప్రాంతాల్లో డాక్టరు విమానంలోనే వస్తాడు, ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు 1928 నుంచీ ఉంది. కానీ మీరు ఎక్కడున్నారో తెలిస్తేనే ఎవరైనా రాగలరు. బండి ఆగిపోతే బండి వదిలి నడవకండి. పై నుంచి చూసేవాళ్లకి తెల్ల వ్యాన్ కనిపిస్తుంది, మనిషి కనపడడు.

ఉలూరు గురించి: ఎర్ల్‌డండా దగ్గర ఎడమకి తిరిగితే యులారా (ఉలూరు చూసేవాళ్లు బస చేసే ఊరు) ఇంకా రెండొందల నలభై కిలోమీటర్ల పైనే, పక్కనే అనుకోవద్దు. దారిలో బల్లలా చదునైన కొండ కనిపిస్తే ఉలూరు వచ్చేసిందని అందరూ దిగి ఫొటోలు తీస్తారు, అది మౌంట్ కానర్. ఉలూరు ఎక్కడం 2019 అక్టోబర్ 26 నుంచి పూర్తిగా ఆపేశారు. అది అక్కడి అనంగు ప్రజలకి పవిత్రం, మన గుడి గోపురం ఎక్కనట్టే. చుట్టూ పది కిలోమీటర్లు నడవండి, కొన్ని చోట్ల ఫొటో తీయొద్దని బోర్డులుంటాయి, ఫోన్ జేబులో పెట్టేయండి.

కాలికి_బురద
నా అనుభవం కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. కూబర్ పీడీ నుంచి విలియం క్రీక్‌కి మట్టిరోడ్డు ఉంది, నూట అరవై కిలోమీటర్ల పైచిలుకు. లేక్ ఐర్ చూడాలని నా టూ వీల్ డ్రైవ్ అద్దె వ్యాన్‌తో ఆ దారి పట్టాను. మ్యాప్‌లో లావు గీతలా ఉంది కదా, ఎంత ఘోరంగా ఉంటుందిలే అనుకున్నాను. రెండు రోజుల ముందు కొంచెం వాన పడిందట. పైన ఎండిన పెచ్చు, కింద అంతా జిగురు. ఒక మలుపులో వెనక చక్రాలు దిగిపోయాయి. గుంట తవ్వడానికి నా దగ్గర అన్నం వండే గిన్నె తప్ప ఏమీ లేదు. ఆ మట్టి గిన్నెకీ, చేతులకీ, చెప్పులకీ అతుక్కుని రాదు, తీసేకొద్దీ చక్రం ఇంకా లోపలికి పోయింది. ఐదు గంటల తర్వాత ఒక ముసలి దంపతులు ఫోర్ వీల్ డ్రైవ్‌లో వచ్చారు, రాకపోతే ఆ రాత్రి అక్కడే. వాళ్లు తాడు కట్టి లాగారు గానీ కింద ఏదో విరిగింది. లాగించిన ఖర్చు, రిపేరు ఖర్చు మొత్తం నేనే కట్టాను, ఎందుకంటే ఒప్పందంలో మట్టిరోడ్డు నిషేధమని స్పష్టంగా ఉంది.

కాబట్టి తారు వదలొద్దు. తారురోడ్డు కూడా వానకి తెగుతుంది, 2022 జనవరిలో వరదలకి కూబర్ పీడీ వైపు దారి మూతపడి ఆ ఊరికి సరుకులు విమానంలో చేరవేశారు. రోజూ పొద్దున రాష్ట్ర ప్రభుత్వ రోడ్ల సైటు చూసుకునే బయల్దేరండి.

తిన్నని_దారి
నేను ఈ రూట్ కాదు, పశ్చిమ ఆస్ట్రేలియా వైపు నల్లర్‌బోర్ మైదానం మీదుగా ఒంటరిగా వెళ్లాను. బలడోనియా, కైగూనా మధ్య 146 కిలోమీటర్లు ఒక్క వంపు లేని రోడ్డు. అక్కడ నాకు తెలిసొచ్చింది నిద్ర. కళ్లు తెరుచుకునే ఉంటాయి, బుర్ర పడుకుంటుంది. రెండు గంటలకోసారి దిగి వ్యాన్ చుట్టూ పది చుట్లు తిరిగేవాణ్ణి. ఒంటరిగా ఉన్నప్పుడు "కునుకు పడుతోందా" అని అడిగేవాళ్లుండరు, అందుకని రోజుకి నాలుగొందల కిలోమీటర్లకి మించి పెట్టుకోవద్దు. ఇంకా, పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దులో పండ్లు, కూరగాయలు, తేనె తీసేసుకుంటారు. నా టమాటాలు, నిమ్మకాయలు అన్నీ అక్కడే చెత్తడబ్బాలో వేయాల్సొచ్చింది. నీ దారి వేరైనా రాష్ట్రం దాటే ముందు రూల్స్ చూసుకో.

బెజవాడ_పిల్ల
అందరికీ ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా తక్కువే. అమ్మకి వీడియో కాల్‌లో అన్నీ చదివాను. గద్ద సంగతి రెండుసార్లు చదివించుకుంది. బాబాయ్ గారూ, మీ మాట అమ్మకి బాగా నచ్చింది, కానీ చివరికి "ఆ పీఎల్‌బీ ఏదో కొనుక్కుని వెళ్లు" అంది. రేడియో కూడా కొన్నాను. ఇరవైన బయల్దేరుతున్నాను.

బెజవాడ_పిల్ల (మూడు వారాల తర్వాత)
మటరంకా నుంచి రాస్తున్నాను. ఇక్కడి ఊటలో నీళ్లు ఒంటికి హాయిగా, గోరువెచ్చగా ఉంటాయి, పొద్దున్నుంచి రెండుసార్లు దిగాను.

అందరూ చెప్పింది చెప్పినట్టే జరిగింది. గ్లెన్‌డాంబోలో ఫుల్ చేయించాను. కూబర్ పీడీలో నేల కింద ఉన్న సెర్బియన్ చర్చిలో అరగంట కూర్చున్నాను, బయట గాలి హోరు, లోపల నా ఊపిరి నాకే వినిపించింది. నాలుగో రోజు వ్యాన్ లోపలి బ్యాటరీ దిగిపోయి ఫ్రిజ్ ఆగింది, పెరుగు పాడైంది. ఆవకాయ, కందిపొడి, నెయ్యి ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు, రోజూ ఒక గిన్నెలో అన్నం అంతే.

బాగా భయపడింది ఒక్కసారి. యులారా నుంచి తిరిగొస్తుంటే స్టెప్నీ మార్చాల్సొచ్చింది, బోల్టులు అసలు కదల్లేదు, స్పానర్ మీద రెండు కాళ్లతో నిలబడినా రాలేదు. ఈగలు కళ్లలో, ముక్కులో. ఇరవై నిమిషాలకి ఒక క్యారవాన్ ఆగింది, ఆయన పొడుగు ఇనుప గొట్టం ఒకటి తీసి స్పానర్‌కి తొడిగితే నా చేత్తోనే ఊడింది. అద్దె వ్యాన్ తీసుకునేవాళ్లు ఆ జాగాలోనే ఒక్క బోల్టు విప్పి చూసుకోండి, ఇది ఎవరూ చెప్పలేదు.

ఆ ఆలస్యంతో ఎర్ల్‌డండాకి మూడు గంటలు లేటుగా చేరాను. సిగ్నల్ రాగానే అమ్మవి పదకొండు మిస్డ్ కాల్స్. ఏడుస్తుందనుకున్నాను. "టైరా, పెట్రోలా?" అని అడిగింది. గోడకి మ్యాప్ అంటించి స్కెచ్ పెన్నుతో గీసుకుంటోందట. ఇప్పుడు "మార్లా", "బ్యారో క్రీక్", "డేలీ వాటర్స్" అన్నీ ఆమెకి నోటికొచ్చు, నేను చెప్పకముందే తర్వాతి రోడ్‌హౌస్ పేరు ఆమే చెప్తోంది.

కార్లు కార్లు (ఇంగ్లీషులో డెవిల్స్ మార్బుల్స్ అంటారు) అనే చోట గుండ్రటి బండరాళ్ల మధ్య పడుకున్న రాత్రి గురించి విడిగా రాస్తాను, అది ఇందులో పట్టదు. పార్క్స్ పాస్, క్యాంపింగ్ రెండూ ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోండి, అక్కడికెళ్లాక సిగ్నల్ కోసం వెతుక్కోకండి.

ఎల్లుండి డార్విన్‌లో వ్యాన్ అప్పజెప్పాలి. ఇరవై లీటర్ల క్యాన్, ఈగల వల, ఆయన ఇచ్చేసిన ఇనుప గొట్టం నా దగ్గరున్నాయి. డార్విన్ నుంచి కిందికి బయల్దేరేవాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, ఇచ్చేస్తాను.