ఓటు నమోదు చేసుకోమని గుడిలో అర్చకస్వామి చెప్పవచ్చునా?

ప్రశ్న:
డాలస్ శివార్లలోని మా దేవాలయంలో శనివారం అర్చన ముగిసి తీర్థప్రసాదాలు ఇచ్చే వేళ, పౌరసత్వం వచ్చినవారందరూ ఓటరుగా నమోదు కావాలని అర్చకస్వామి చేత చెప్పించి, మండపం బయట బల్ల వేసి దరఖాస్తులు నింపించాలని కొందరం అనుకుంటున్నాము. గుడికి రాజకీయాలు తగవని, పన్ను మినహాయింపు పోతుందని కమిటీ పెద్దలు భయపడుతున్నారు. స్వామివారు ఎంతవరకు మాట్లాడవచ్చునో తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం:
పెద్దల భయానికి ఆధారం లేకపోలేదు. సెనేటర్ లిండన్ జాన్సన్ పన్ను చట్టానికి 1954లో తెచ్చిన సవరణ ప్రకారం, మినహాయింపు పొందిన సంస్థ ఏ అభ్యర్థినీ బలపరచకూడదు, వ్యతిరేకించకూడదు. అయితే ఓటు వేయమనడానికి, ఏ పక్షానికీ మొగ్గకుండా నమోదు జరిపించడానికి, పోటీలో ఉన్నవారందరినీ సమానంగా పిలిచి మాట్లాడించడానికి అది అడ్డు రాదు. నల్లజాతివారి చర్చీలలో ఆదివారం ప్రార్థన కాగానే అందరూ కలిసి ముందస్తు పోలింగుకు వెళ్లడం ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. ఎన్నికల వేళ దీపావళి వేదికపై ఒక్క అభ్యర్థికే శాలువా కప్పి మైకు చేతికివ్వడం నా దృష్టిలో ఓటు నమోదు చేసుకోమనడం కంటే ప్రమాదం.

రెండవ సమాధానం:
మన గుళ్లకు వచ్చేవారిలో హెచ్1బీ, గ్రీన్‌కార్డులవారు ఎందరో ఉన్నారు. వారు ఫెడరల్ ఎన్నికలలో ఓటు వేయడం నేరం; పౌరులమని రాసి నమోదు చేసుకుంటే దేశం నుంచి పంపివేసే దాకా పోవచ్చు. ఎప్పుడైనా ఓటు నమోదు చేసుకున్నారా, ఓటు వేశారా అనే ప్రశ్న పౌరసత్వపు దరఖాస్తు ఎన్-400లో సూటిగానే ఉంటుంది. స్వామివారు చెప్పారు కదా అని చదవకుండా సంతకం పెట్టేవారు ఉంటారు కనుక, బల్ల దగ్గర మొదట అడగవలసింది “మీరు అమెరికా పౌరులేనా?” అనే. టెక్సస్‌లో ఇతరుల దరఖాస్తులు తీసుకునేవారిని ముందుగా కౌంటీ నియమించాలి. తీసుకున్నవాటిని వారు ఐదు రోజులలో అందజేయాలి. నమోదు గడువు ఎన్నికకు 30 రోజుల ముందే ముగుస్తుంది. పౌరులు కానివారిని కూడా స్వామివారు మరచిపోకూడదు. పిల్లల బడి సంగతులపై స్కూల్ బోర్డు సమావేశానికి వెళ్లి వినడానికి ఓటు హక్కు అక్కరలేదు.

మూడవ సమాధానం:
పిల్లల దగ్గరికి వచ్చి పౌరులైన తల్లిదండ్రులే నాకు ముఖ్యంగా కనిపిస్తున్నారు. ఇంగ్లీషు బ్యాలెట్ చదవలేమని వారు ఇంట్లోనే ఉండిపోతారు. ఓటు హక్కు చట్టానికి 1982లో చేర్చిన 208వ సెక్షన్ ప్రకారం, అటువంటివారు తమకు నచ్చిన మనిషిని సాయానికి తీసుకువెళ్లవచ్చు. కోడలైనా సరే, మనుమడైనా సరే, ఆ ఓటరుకు ఉద్యోగమిచ్చిన యజమానో, ఆ యజమాని తరఫువారో, ఓటరు ఉన్న కార్మిక సంఘం తరఫువారో మాత్రం కాకూడదు. ఈ సంగతి స్వామివారు తెలుగులో చెప్పితే, మనం పంచే కాగితాలకంటే ఎక్కువ మంది వింటారు. సాయం వెళ్లినవారు టెక్సస్‌లో ముందుగా ప్రమాణం చేయాలి; ఆ ఓటరు ఎవరిని చూపితే వారికే గుర్తు పెట్టాలి.