డీప్ క్లీనింగ్ అయ్యాక చిగుళ్లు కుదుటపడ్డాయో లేదో ఉమ్ము టెస్ట్ చెప్పగలదా?

కదిలేపన్ను: చిగుళ్ల జబ్బుకి డీప్ క్లీనింగ్ చేయించుకుని మూడు నెలలైంది. అంతకుముందు ఉమ్ము టెస్ట్‌లో ఎంఎంపీ-8 అనే ఎంజైమ్‌కి రెండు గీతలు, అంటే పాజిటివ్. మొన్న ఒక్క గీతే వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే డాక్టర్ ప్రోబ్ (చిగురు లోతు కొలిచే సన్నటి పుల్ల) పెట్టి, కింద కుడివైపు చివరి దవడపన్ను వెనక ఇంకా 6 మిల్లీమీటర్ల పాకెట్ (పంటికీ చిగురుకీ మధ్య ఏర్పడ్డ సందు) ఉంది, రక్తం కూడా వస్తోంది, అక్కడ మళ్లీ చేయాలి అన్నారు. దేన్ని నమ్మాలి?

ప్రోబ్‌పక్షం: ప్రోబ్‌నే. 28 పళ్లు, పంటికి 6 చోట్ల కొలుస్తాం, అంటే 168 రీడింగులు. ఒక్క మూల మంట ఉంటే నోరంతా ఊరే ఉమ్ములో కలిసి పలచబడిపోతుంది. ఏ పన్నో ఆ గీత చెప్పదు. 2020 యూరప్ గైడ్‌లైన్ కూడా 4 మిల్లీమీటర్లు దాటి రక్తం వచ్చే పాకెట్లు మిగలకూడదనీ, 6కి చేరినవి అసలుండకూడదనీ అంటుంది. మీ పన్ను రెండిట్లోనూ తప్పింది.

గీతలమనిషి: పాకెట్ లోతు జరిగిపోయిన నష్టం అండీ, పాత గాయం మచ్చ లాంటిది. ఎంఎంపీ-8 చిగుళ్లని పట్టి ఉంచే ప్రొటీన్ కొలాజెన్‌ని కోసే ఎంజైమ్, ఎక్కువగా న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల నుంచే వస్తుంది, అది ఎక్కువుందంటే కోత ఇప్పుడు నడుస్తోందని. పైగా నొక్కే చెయ్యి మారితే ప్రోబ్ రీడింగ్ ఒక మిల్లీమీటర్ అటూ ఇటూ అవుతుంది, రక్తం వచ్చిన ప్రతిచోటా జబ్బు ముదురుతుందనీ లేదు.

ప్రోబ్‌పక్షం: రక్తం రాకపోతే మాత్రం అక్కడ కుదురుగా ఉందని గట్టిగా చెప్పొచ్చు. ఆ సగం మింగేశారేం?

దారినపోయే: టెస్ట్‌కి ముందు ఏమీ తినకూడదా?

పుక్కిలి: అసలది ఉమ్ము టెస్టే కాదు. ముందు మంచినీళ్లతో పుక్కిలించి ఊసేసి, కాస్త ఆగి, వాళ్లిచ్చిన నీళ్లతో అరనిమిషం పుక్కిలించి కప్పులో ఊస్తారు. అది పుక్కిలి నీళ్లు.

గీతలమనిషి: అందులో ఉన్నది ఉమ్మే కదా!

పుక్కిలి: కాదు. ఊరికే ఊరినది వేరు, ఏదైనా నమిలి రప్పించింది వేరు, పుక్కిలించింది వేరు. ఒకసారి ఇలా ఒకసారి అలా తీసి తగ్గింది అంటే ఆ పోలిక చెల్లదు.

పొగమానేసా: నా కథ వినండి. సిగరెట్లు తాగే రోజుల్లో వెళ్లిన ప్రతిసారీ రక్తం రావట్లేదు, బాగుంది అని పంపేసేవారు. పొగ తాగితే రక్తం తగ్గి జబ్బు దాక్కుంటుందని రెండు పళ్లు ఊడాక తెలిసింది. అప్పుడీ టెస్ట్ ఉండుంటే?

ప్రోబ్‌పక్షం: ప్రోబ్ పెట్టి చూశారా, పైపైన చూసి చెప్పారా?

పొగమానేసా: పెట్టినట్టు గుర్తులేదు.

ప్రోబ్‌పక్షం: మరి అది ప్రోబ్ తప్పెలా అవుతుంది? పొగ ఉమ్ములో ఎంఎంపీ-8 లాంటి మార్కర్లనీ మారుస్తుంది, ఆ గీత మిమ్మల్ని కాపాడేదని ఎలా అంటారు?

పొగమానేసా: పళ్లు పోయింది నావి సార్. మీకు పాయింట్ కొట్టడమే ముఖ్యం.

కదిలేపన్ను: కొట్టుకోకండి. నా బాధ వేరు. నోరు తెరుచుకుని పడుకుంటే తల మీద "మూడు, మూడు, ఆరు" అని చదువుతుంటారు, పక్కనావిడ రాసుకుంటుంది, అందులో ఒక్కటీ నాకు కనపడదు. ఆ గీత నేను నా కళ్లతో చూశా. మూడు నెలలు రోజూ రాత్రి పళ్ల సందుల్లో బ్రష్ తిప్పినదానికి నాకు కనిపించిన ఫలితం అదొక్కటే.

ప్రోబ్‌పక్షం: నేను చిగుళ్ల డాక్టర్నే, ఇప్పుడు చెప్తున్నా. నాకు భయం టెస్ట్ అంటే కాదు, ఆ ఒక్క గీత అంటే. అది చూసి చెకప్‌లు మానేసి, ఏడాది తర్వాత కదిలే పన్ను వేలితో పట్టుకుని వచ్చినవాళ్లు ఉన్నారు.

గీతలమనిషి: అయితే మీ గొడవ ఎంఎంపీ-8తో కాదు, పేషెంట్లతో. అది మొదటే చెప్పొచ్చుగా.

ప్రోబ్‌పక్షం: కొంత ఒప్పుకుంటా. కదిలేపన్ను గారూ, ఆ చార్ట్ కాపీ అడగండి, ఇస్తారు. మీ గీత తగ్గడం నిజమే, మిగతా నోరు బాగుపడింది. ఆ ఒక్క మూలకి మాత్రం మళ్లీ వెళ్లండి.

కదిలేపన్ను: గురువారం అపాయింట్‌మెంట్ తీసుకున్నా. చార్ట్ కూడా అడుగుతా.

పుక్కిలి: టైటిల్‌లో ఇంకా ఉమ్ము అనే ఉంది.