గెవేర్ 88, మౌజర్ 71/84: షోలో బల్ల దగ్గర ఏమేం చూసుకోవాలి?

తిరుచానూరు_బాట

అందరికీ నమస్కారం. మా బావ అమెరికాలో సిన్సినాటిలో ఉంటాడు, గ్రీన్ కార్డు ఉంది. ఫిబ్రవరిలో లూయీవిల్‌లో జరిగే షో ఆఫ్ షోస్‌కి, అంటే పాత సైనిక వస్తువులు అమ్మే ప్రదర్శనకి పోతున్నాడు. నేనూ తిరుపతి నుంచి విజిటర్ వీసా మీద వెళ్తున్నా, పక్కనే ఉంటా. ఆయనకు 1898 లోపల తయారైన జర్మన్ సైన్యపు రైఫిళ్ళు రెండు కావాలి. కాల్చే ఉద్దేశం లేదు, సేకరణ కోసమే.

ఒక అమ్మకందారు ఫోటోలు పంపించాడు. మొదటిది గెవేర్ 88. ఛాంబర్ (గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోటు) మీద కిరీటం, ఆంబెర్గ్ (జర్మన్ ఆయుధ కర్మాగారం ఉన్న ఊరు), 1891 అని ఉంది. అక్కడే విడిగా ‘ఎస్’ అక్షరం, ఇంకో చోట చిన్న నెలవంక గుర్తు. రెండోది మౌజర్ 71/84, స్పాండావ్ (ఇంకో కర్మాగారం), 1887. దీని బోల్టు (వెనక్కి లాగి ముందుకు తోసే మూత కడ్డీ) నంబరు రిసీవర్ (బోల్టు కదిలే ఉక్కు చట్రం) నంబరుతో కలవడం లేదు, మిగతావి కలుస్తున్నాయి అంటున్నాడు.

చేతిలోకి తీసుకున్నాక ఏ వరసలో చూడాలి? ఫోటోలో కనబడకుండా మోసం చేసేవి ఏవి? ఇంకొకటి, బావ రెండేళ్ళలో తిరిగొచ్చి చిత్తూరులో ఇల్లు కడతాడు. అప్పుడు ఇవి తెచ్చి హాల్లో గోడకు తగిలించుకోవచ్చా? నూట ముప్పై ఏళ్ళ పాత వస్తువులు కదా.

పలమనేరు_ఘాట్

తమ్ముడూ, ముందు 88 సంగతి. ఈ రైఫిల్ని పైనుంచి చూసి కొనగూడదు. కారణం దాని నిర్మాణంలోనే ఉండాది. బారెల్, అంటే తుపాకీ గొట్టం చుట్టూ పల్చటి ఉక్కు తొడుగు ఒకటి ఉంటుంది. గురి చూసే వెనక సైటు ఆ తొడుగు మీదే ఉంటుంది. బారెల్‌కీ తొడుక్కీ మధ్య సందులోకి వందేళ్ళ తేమ దిగితే లోపల తుప్పు తినేస్తా ఉంటుంది, పైన మాత్రం నీలం రంగు నిగనిగలాడుతుంది. ఇంకా ముఖ్యం, ఎప్పుడో బారెల్ ఉబ్బిపోయి ఉంటే మామూలు రైఫిల్లో చేత్తో తడిమితే తెలుస్తుంది. 88లో తొడుగు దాన్ని కప్పేస్తుంది. అందుకని బోర్, అంటే గొట్టపు రంధ్రం లోపలికి చూడడం ఒక్కటే దారి.

బోల్టు తీయమని అమ్మేవాణ్ణే అడగాల. షోలో తుపాకీలకు ప్లాస్టిక్ టై కట్టి ఉంటారు, అది మనం తెంపగూడదు. బోల్టు తీశాక ఛాంబర్ వైపు నుంచి చిన్న ఎల్‌ఈడీ లైటు వేసి మూతి వైపు నుంచి చూడండి. గాడులు మెలి తిరుగుతూ మూతి దాకా పదునుగా రావాల. మధ్యలో ఎక్కడైనా ఉంగరంలా నల్లటి వలయం కనబడితే అది ఉబ్బు. అనుమానముంటే, వాడు ఒప్పుకుంటే, రాడ్డుకి బిగుతుగా గుడ్డ చుట్టి నెమ్మదిగా తోయించండి. ఒకే బిగువుతో పోతున్న గుడ్డ ఒక చోట ఉన్నట్టుండి వదులై మళ్ళీ బిగిస్తే అక్కడే ఉబ్బుంది. అట్లాంటి దాన్ని ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. లోపల సన్నగా మసకేసినట్టు ఉంటే పరవాలేదు. ఆ కాలం ప్రైమర్లలో (తూటా అడుగున నిప్పు పుట్టించే ముక్కల్లో) మిగిలే లవణాలు తేమను లాగుతాయి, అందువల్ల మచ్చలేని బోర్ దొరకడం అరుదు. లోతు గుంటలు పడి గాడుల అంచులే పోయి ఉంటే మాత్రం బేరం వేరే.

బోల్టు బయటికి తీసినప్పుడు దాని ముందు తల జాగ్రత్త. 88లో అది విడిగా ఊడొచ్చే ముక్క. తూటాను పట్టి లాగే ఎక్స్‌ట్రాక్టర్, బయటికి నెట్టే ఎజెక్టర్ రెండూ దాంట్లోనే ఉంటాయి. గచ్చు మీద పడితే చిన్న ముక్కలు వెతకలేరు. శానా రైఫిళ్ళలో ఈ తల ఇంకో రైఫిల్‌ది తెచ్చి తగిలించి ఉంటారు, లేదంటే ఎక్స్‌ట్రాక్టర్ విరిగి ఉంటుంది. తల మీద చిన్న అంకెలు ఉంటాయి, రిసీవర్ నంబరులో చివరి అంకెలతో పోల్చండి.

‘ఎస్’ గురించి. 88 మొదట వచ్చింది .318 అంగుళం గుండుకి. 1905లో జర్మన్లు .323 అంగుళం మొనదేలిన ఎస్ గుండుకి మారినాక, ఆ కొత్త తూటా పట్టేట్టు ఛాంబర్ మెడ వెడల్పు చేసిన రైఫిళ్ళకు ఈ అక్షరం కొట్టారు. అంటే ఛాంబర్ మారింది గానీ బారెల్ కొత్తది వేశారని అర్థం కాదు. ఈ ముద్ర చూసి ‘ఇప్పటి తూటా వేసి కాల్చొచ్చు’ అని ఎవరన్నా చెబితే అక్కడ్నుంచి లేచి రండి. పాత ఉక్కు, బిగుతు బోర్, ఎక్కువ పీడనం, మూడూ ఒక చోట కలుస్తాయి.

చంద్రగిరి_కోట

పైన చెప్పినదానికి ఒక చేర్పు. ‘ఎస్’ ఉంది కాబట్టి మీ ఆంబెర్గ్ 1891లో బయటికొచ్చిన రూపంలో లేదు, అది గుర్తుపెట్టుకుని బేరమాడండి. అసలు 88లో అయిదు తూటాలు ఉక్కు క్లిప్పుతో సహా మ్యాగజైన్‌లోకి (తూటాలు నిలవుండే అరలోకి) పోతాయి, ఆఖరి తూటా ఛాంబర్‌కెక్కగానే ఖాళీ క్లిప్పు అడుగునున్న కంత లోంచి కింద పడిపోతుంది. ఆ కంత గుండా బురద, మట్టి లోపలికి పోవడం దాని పెద్ద లోపం. 88/05గా మార్చినప్పుడు పై నుంచి క్లిప్పుతో తూటాలు నొక్కి నింపే పద్ధతి తెచ్చారు. అందుకోసం రిసీవర్ వెనక వంతెన మీద రెండు గైడు ముక్కలు అతికారు, ఎడమ గోడలో బొటనవేలికి గంటు కోశారు, అడుగు కంతకు రేకు మూత వేశారు. కంత తెరిచి ఉందా, మూత ఉందా చూస్తే ఏ దశలో ఆగిందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో హడావుడిగా మార్చిన 88/14ల్లో పనితనం మోటుగా కనబడుతుంది.

నెలవంక తురుష్క సైన్యపు గుర్తు. మొదటి యుద్ధంలో జర్మనీ ఈ పాత 88లను మిత్రదేశమైన టర్కీకి పంపింది. 1930లలో అంకారాలో వీటిని మళ్ళీ బాగుచేశారు. అక్కడ భాగాలు కలగాపులగం అవడం సహజం, సైటు మీద అంకెలు కూడా మారి ఉండొచ్చు. టర్కీ తిరిగొచ్చిన 88ని ‘పూర్తి జర్మన్’ ధరకు కొనడం తప్పు. కానీ దాన్ని తక్కువదిగా చూడడం కూడా నాకు ఒప్పదు. రెండు సైన్యాల ముద్రలు ఒకే లోహం మీద ఉన్న వస్తువు అది, టర్కీ రైఫిల్‌గా దాని లెక్కలో అది గట్టిదే.

అమెరికా చట్టం దృష్టిలో ముఖ్యమైంది రిసీవర్ తయారైన సంవత్సరం, 1898 లేదా అంతకు ముందు. తరవాత మార్పులు జరిగినా 1891 రిసీవర్ 1891దే. అలాగే టర్కీ మౌజర్ల మీద 1938 లాంటి ఏడు కనబడితే అది చాలాసార్లు బాగుచేసిన ఏడే, రిసీవర్ పుట్టిన ఏడు కాకపోవచ్చు. ‘లుడ్విగ్ లోవె’ పేరున్న రైఫిళ్ళు కూడా ఈ గీతకు ముందువే, ఎందుకంటే 1890ల చివరికే ఆ కంపెనీ ఆయుధ వ్యాపారం డీడబ్ల్యూఎం అనే ఇంకో జర్మన్ ఆయుధ కంపెనీ పేరు కిందికి పోయింది. లోవె మార్కు ఉన్న 88లు నాసిరకం అని ఎవరైనా అంటే నమ్మవద్దు. 1892లో ఆల్వార్ట్ అనే యూదు ద్వేషి పుట్టించిన ప్రచారం అది, కోర్టు అతన్ని పరువునష్టం కేసులో శిక్షించింది.

ఇక మీ రెండోది, 71/84. ఇది చేతిలోకి తీసుకోగానే ఒక జాగ్రత్త. బోల్టు తెరిచి ఛాంబర్ ఖాళీ అని చూస్తే సరిపోదు. బారెల్ కింద ఎనిమిది తూటాలు పట్టే గొట్టపు మ్యాగజైన్ ఉంది, ఛాంబర్ ఖాళీగా కనబడ్డా గొట్టంలో తూటా ఉండొచ్చు. లైటు వేసి గొట్టం లోపల ఫాలోయర్ (తూటాలను తోసే ముక్క) కనబడేదాకా చూడాలి. ఎడమ పక్క చిన్న మీట ఒకటుంది, ఒక వైపు తిప్పితే ఒక్కొక్కటిగా, ఇంకో వైపు తిప్పితే మ్యాగజైన్ నుంచి. అది రెండు వైపులా గట్టిగా ఆగాలి. తూటాను పైకెత్తే చెంచా బోల్టు వెనక్కి లాగిన ప్రతిసారీ లేవాలి. లేవకపోతే లోపల ఏదో వంగిందో, ముక్క పోయిందో. ఆ భాగాలు వెతికి తెచ్చుకోవడం కష్టం, బల్ల దగ్గర విప్పి చూద్దామని మాత్రం అనకండి. గొట్టం పట్టడానికి ముందు చెక్కను లోపల తొలిచేశారు, అందువల్ల అక్కడ చెక్క పల్చన. చెక్కను బారెల్‌కు పట్టి ఉంచే ఇనుప పట్టీల దగ్గర సన్న పగుళ్ళు వెతకండి.

బోల్టు కలవకపోవడం నా దృష్టిలో పెద్ద దెబ్బే. సేకరణ అంటున్నారు గనక సగం ధర వాదించవలసిన చోటు అదే.

తిరుచానూరు_బాట

ఇద్దరికీ చాలా థాంక్స్. ‘మిగతావి కలుస్తున్నాయి’ అంటే అసలు ఏవేవి కలవాలి? నంబరు ఎక్కడెక్కడ ఉంటుంది?

చంద్రగిరి_కోట

పూర్తి నంబరు రిసీవర్ మీద, బారెల్ మీద, బోల్టు పిడి మొదట్లో. చిన్న భాగాల మీద, పట్టీలు, సైటు ముక్కలు, స్క్రూ తలల మీద కూడా, చివరి రెండంకెలు. ఫ్యాక్టరీలు ఒకటి నుంచి 9999 దాకా లెక్కించి, అయిపోగానే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టి పక్కన ఒక అక్షరం చేర్చేవి. కాబట్టి నంబరుతో పాటు ఆ అక్షరం కూడా కలవాలి. ఒకే నంబరు, వేరే అక్షరం అంటే వేరే రైఫిల్.

నంబరు కలిసినా అంకెల తీరు చూడండి. పాతది తీసేసి కొత్తగా కొట్టిన చోట లోహం కొంచెం లోతుకు దిగి ఉంటుంది, చుట్టూ ఆకురాయి గీతలు కనబడతాయి, అంకెల అంచులు మిగతా వాటికంటే పదునుగా ఉంటాయి. పది రెట్లు చూపే లెన్స్ దీనికే. నీలం రంగు కొత్తగా వేశారా అన్నది గుంటలు చెబుతాయి. తుప్పు గుంట అడుగున కూడా నీలం మెరుస్తూ ఉంటే, గుంట పడ్డాక రంగు వేశారన్నమాట. బోల్టులు మొదటి నుంచీ రంగు లేని తెల్ల ఉక్కు, నల్లగా చేసి ఉంటే ఎవరో తరవాత చేసిందే. చెక్కను సాండ్‌పేపర్ పట్టారా లేదా అన్నది భుజానికి ఆనే వెనక ఇనుప పట్టా దగ్గర వేలు పెట్టి చూడండి. ఇనుము చెక్క కంటే పైకి పొడుచుకొచ్చి ఉంటే చెక్క అరిగించినట్టే, దాంతో పాటు ఇన్‌స్పెక్టర్ల కిరీటం ముద్రలు కూడా పోయి ఉంటాయి.

టేపు తీసుకెళ్ళండి. 88 పొడవు దాదాపు 124.5 సెంటీమీటర్లు. అంతకంటే బాగా తక్కువుంటే వేట కోసం కోసేసినది.

పట్టీ మీద, లేదా వెనక ఇనుప పట్టా మీద 12.ఆర్.5.87 లాంటి ముద్ర కనబడితే వదలకండి. పన్నెండో పదాతి రెజిమెంటు, అయిదో కంపెనీ, ఎనభై ఏడో ఆయుధం. ముందు ‘బి’ ఉంటే బవేరియా. ఇంత చిన్న ముద్రే రైఫిల్ ఎవరి చేతుల్లో ఉండిందో చెప్పేది, దాన్ని పాలిష్ చేసి చెరిపేసిన వాళ్ళను తల్చుకుంటే బాధేస్తుంది.

కాణిపాకం_ఎక్స్‌ప్రెస్

చట్టం వైపు నుంచి నాలుగు మాటలు. చిత్తూరు గోడ విషయం ముందే తేల్చుకోండి, ఎందుకంటే ‘పాతది కాబట్టి పరవాలేదు’ అన్న మాట ఇక్కడ చెల్లదు.

1959 ఆయుధాల చట్టంలో సెక్షన్ 45(సి) పాతకాలపు, పురావస్తు విలువ ఉన్న ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది. కానీ దాంట్లోనే షరతు ఉంది: బాగుచేసినా, చేయకపోయినా కాల్చడానికి పనికిరానిదై ఉండాలి. మీరు పైన వెతుకుతున్నవన్నీ మంచి బోర్, పూర్తి బోల్టు, పనిచేసే మ్యాగజైన్. అట్లాంటి రైఫిల్ ఈ మినహాయింపులోకి రాదు. లగేజీలో తుపాకీ తేవడానికి కస్టమ్స్ ఒప్పుకోదు. మకాం మార్చుకుని వచ్చే వాళ్ళకు ఉన్న చిన్న వెసులుబాటు కూడా అనుమతి ఉన్న బోరుకు (గొట్టం కొలతకు), చేతిలో లైసెన్సు ఉన్న వాళ్ళకే. రైఫిల్ విప్పి ముక్కలుగా తెద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు, చట్టంలో తుపాకీ అంటే దాని భాగాలు కూడా. బోల్టు, బారెల్ అసలే వద్దు. చిన్న భాగాలకు 45(డి)లో కొంత మినహాయింపు ఉన్నా రేణిగుంటలోనో చెన్నైలోనో ఎక్స్‌రే దగ్గర నిలబడి దాన్ని వాదించడం మీకు అవసరమా? ఖాళీ తూటా గుల్ల కూడా బ్యాగులో పెట్టకండి, మందుగుండు నిర్వచనంలో దాని భాగాలూ ఉన్నాయి.

తరవాతైనా అడగాలనుకుంటే రాతపూర్వకంగా కలెక్టరేట్‌లోనే అడగండి. 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి వేరే జిల్లా, కాబట్టి బావ ఇల్లు చిత్తూరు జిల్లాలో అయితే అక్కడి కలెక్టరేట్‌కే పోవాలి.

అమెరికా వైపు ఇంకో సంగతి. విజిటర్ వీసా మీద ఉన్న మీరు ఏదీ కొనకండి, డబ్బు, రసీదు అంతా బావ పేరు మీదే. సిన్సినాటి ఉన్న ఒహాయో మనిషి, లూయీవిల్ ఉన్న కెంటకీలో ప్రైవేటు వ్యక్తి దగ్గర మామూలు తుపాకీ కొంటే లైసెన్సు ఉన్న డీలర్ ద్వారా పోవాలి, తుపాకీ కొనేవాళ్ళు నింపే ఫారం 4473 నింపాలి. 1898 లోపలి యాంటిక్‌కు కేంద్ర చట్టం కింద ఆ గొడవ లేదు. కాబట్టి పక్క బల్ల మీద అందమైన గెవేర్ 98 కనబడి మనసు మారితే, అది 1915దైతే దారి మారిపోతుందని గుర్తుంచుకోండి. రసీదులో మోడల్, తయారీ సంవత్సరం, పూర్తి నంబరు అక్షరంతో సహా రాయించండి.

పలమనేరు_ఘాట్

రైఫిళ్ళు సిన్సినాటిలోనే ఉండనీండి, చిత్తూరు ఇంటికి తోలు సామాను, కాగితాలు తెచ్చుకోండి. అదే షోలో 1909 నమూనా తూటాల తోలు సంచులు, బెల్టులు, రైఫిల్ భుజానికి తగిలించుకునే తోలు పట్టీలు, రెజిమెంటు ఫోటోలు దొరుకుతాయి. సంచుల లోపలి వైపు తయారీదారు ముద్ర, ఏడు ఉండాల. కుట్టు దారం తెల్లగా, బలంగా మెరుస్తా ఉంటే నకలు అని అనుమానించండి. లోపల తూటా గానీ క్లిప్పు గానీ ఇరుక్కుని ఉందేమో ప్రతి అర తడిమి చూసి ఖాళీ చేయించాకే పెట్టెలో పెట్టండి.

మన దగ్గర తోలుకు ఎండకాలం కంటే నవంబరు వానలు ప్రమాదం. ప్లాస్టిక్ కవర్లో మూసి పెడితే వారంలో బూజు. నూలు గుడ్డలో చుట్టి, గాలాడే అట్టపెట్టెలో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, తేమ కొలిచే చిన్న మీటరు పక్కనుంటే మంచిది, 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చాలు. ఇత్తడి, రాగి గుండీల చుట్టూ పచ్చగా మైనంలాగ పేరుకునేది కిలుము, తోల్లోని కొవ్వుకీ లోహానికీ మధ్య జరిగే చర్య. దాన్ని చెక్క పుల్లతో గీకి తీయాల, ఇనుప పీచు తగలగూడదు. నూనె దట్టంగా పట్టిస్తే ఇంకా ఎక్కువ కిలుము పుడుతుంది, తోలు మెత్తబడి కుట్లు కూడా తెగుతాయి. తోలు ఎండి బిర్రుగా ఉన్నా వంచకండి, ఉన్న ఆకారంలోనే లోపల మెత్తటి కాగితం కూరి పెట్టేయండి.

తిరుచానూరు_బాట

అర్థమైంది. బోల్టు కలవని 71/84కి సగం ధర అడుగుతాం, 88 బోర్‌లో వలయం ఉంటే అసలు వద్దు. బావకి ఈ పేజీ మొత్తం ప్రింట్ తీసి ఇస్తున్నా. లెన్స్, లైటు, టేపు ఇక్కడే కొని పెట్టుకుంటా.