క్లే బారా, క్లే మిట్టా? నల్ల బండికి ఏది మంచిది?

పటమట ఐ20:
అందరికీ నమస్కారమండి. మాది నల్ల ఐ20, 2021 మోడల్. కడిగి తుడిస్తే మెరుస్తుంది కానీ బానెట్ మీద, రూఫ్ మీద చెయ్యి వేస్తే గరుగ్గా తగులుతోంది. పాలిథిన్ కవర్ చేతికి తొడుక్కుని రాసి చూడమని ఒకాయన చెప్తే చూశాను, అప్పుడు ఇంకా బాగా తెలిసింది. ఆఫీసు రైల్వే స్టేషన్ వెనకాల, రోజంతా బండి పట్టాల పక్కనే ఉంటుంది. క్లే చేయాలంటున్నారు, అంటే రంగుకి అతుక్కున్న మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్దతో రుద్దడమట. ముద్దలా వచ్చే బార్ కొనాలా, చేతికి తొడుక్కునే మిట్ కొనాలా? బయట ఇచ్చి చేయించడం ఇష్టం లేదు, నేనే చేసుకుంటాను.

ఇబ్రహీంపట్నం ఎర్టిగా:
మిట్ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. బార్ చేతిలోంచి జారి నేల మీద పడిందా, ఇక పారేయడమే, ఇసుక అంటుకున్న ముద్దతో రుద్దితే రంగు గీసుకుపోతుంది. మిట్ పడితే కడుక్కుని మళ్ళీ వాడుకోవచ్చు. ఎర్టిగా అంత బండికి బార్‌తో అయితే పొద్దు పోతుంది, మిట్‌తో గంటలో అయిపోతుంది. క్లే జారడానికి ల్యూబ్ అని వేరే డబ్బా కూడా అక్కర్లేదు, బకెట్‌లో కారు షాంపూ కాస్త చిక్కగా కలిపితే చాలు. మాది థర్మల్ స్టేషన్ దగ్గర, బూడిద పడే చోటు. నెలనెలా చేస్తాను, బండి ఎప్పుడు ముట్టుకున్నా నున్నగా ఉంటుంది.

బ్రాడీపేట బాలెనో:
నల్ల బండి అంటున్నారు కాబట్టి నా ఓటు బార్‌కే.

ఆటోనగర్ పెయింటర్:
బారా మిట్టా అనే ముందు ఆ బండి మీద ఉన్నదేంటో చూడాలి కదండీ. పట్టాల పక్కన పార్కింగ్ అంటే చాలావరకు ఇనప రజను. చక్రాలు, పట్టాలు, బ్రేకులు ఒరుసుకుని లేచిన రజను వచ్చి క్లియర్ కోట్‌లో, అంటే రంగు పైన ఉండే పారదర్శక పొరలో, గుచ్చుకుని అక్కడే తుప్పు పడుతుంది. తెల్ల బండి మీదైతే నారింజ రంగు చుక్కలు కనిపిస్తాయి, నల్ల బండి మీద కంటికి ఆనవు. దానికి ముందు ఐరన్ రిమూవర్ కొట్టాలి. ఇనుము తగిలిన చోటల్లా ఊదా రంగు దిగి కారుతుంది, వాసన మాత్రం భరించలేం, గాలి ఆడే చోట చేసుకోండి. ఆరనివ్వకుండా కడిగేయాలి. తారు చుక్కలుంటే తారు రిమూవర్. ఇవన్నీ అయ్యాక కూడా గరుకు మిగిలితేనే క్లే. నేరుగా క్లేతో మొదలుపెడితే ఆ ఇనప ముక్కలన్నీ క్లేలోకి ఎక్కుతాయి, వాటితోనే మళ్ళీ రంగు రుద్దుతాం.

ఇక మిట్ సంగతి. దాని మీద ఉండేది రబ్బరు లాంటి పాలిమర్ పొర. బార్ అయితే మురికి పట్టిన వైపు లోపలికి మడిచి, పిసికి, కొత్త ముఖం తీసుకుంటాం. మిట్‌కి ఆ వీల్లేదు, ఎంత కడిగినా పైపైనే. నల్ల రంగు మీద ప్రతి గీతా కనబడుతుంది కాబట్టి ఫైన్ గ్రేడ్, అంటే మెత్తని రకం బార్ తీసుకోండి. షాంపూ నీళ్ళు చాలన్నారు. మన బోరు నీళ్ళు కలిపి ఈ ఎండల్లో బానెట్ మీద పోస్తే చూస్తుండగానే ఆరిపోతాయి. ఆరిన చోట క్లే పట్టేసి జిడ్డు చారలు పడతాయి.

ఇబ్రహీంపట్నం ఎర్టిగా:
ఎండలో చేయమని ఎవరన్నారు? నేను తెల్లవారుజామున, బండి చల్లగా ఉన్నప్పుడు చేస్తాను. బిల్ట్ హ్యాంబర్ ఆటో క్లే అయితే ఉత్త నీళ్ళతోనే వాడమని ఆ కంపెనీయే చెబుతుంది. దానికేమంటారు?

ఆటోనగర్ పెయింటర్:
ఆ క్లేని నీళ్ళతో వాడేలాగే తయారు చేశారు. దాన్ని చూపించి అన్నిటికీ నీళ్ళు చాలంటే ఎలాగండీ? అసలు షాంపూ అంటే ఏ షాంపూ? మా షెడ్డు పక్క వాటర్ సర్వీసింగ్‌లో తలకి పెట్టుకునే షాంపూ సాషేలు చింపి బకెట్‌లో పోస్తారు. ఇంకో చోట గిన్నెలు తోమే లిక్విడ్. మీరు రాసింది చదివినవాళ్ళు అదే పట్టుకుని మొదలుపెడతారు.

ఇబ్రహీంపట్నం ఎర్టిగా:
నేను రాసింది కారు షాంపూ అని. పైకెళ్ళి మళ్ళీ చదవండి.

గొల్లపూడి బుల్లెట్:
ట్యాంకుకి కూడా క్లే చేయొచ్చా అన్నా?

బ్రాడీపేట బాలెనో:
మ్యాట్ రంగైతే ముట్టుకోవద్దు బ్రో. మెరిసే రంగైతే చేయొచ్చు.

కొత్తపేట స్విఫ్ట్:
మిట్ గురించి నేనూ చెప్పాలి. గుంటూరులో ఒక డీటెయిలింగ్ షాపుకి మా ఎర్ర స్విఫ్ట్ సిరామిక్ కోటింగ్‌కి, అంటే రంగు మీద గట్టి కాపు పూతకి, ఇచ్చాను, పేరు వద్దులెండి. నేను ఎదురుగా నిలబడే ఉన్నాను. అక్కడి కుర్రాడు డోర్ కింద మట్టి కొట్టుకుపోయిన అంచు మిట్‌తో రుద్ది, బకెట్‌లో ఒక్కసారి ముంచి, అదే ముఖంతో బానెట్ మీదికి వచ్చాడు. పాలిష్ పైపైన కానిచ్చి కోటింగ్ వేసేశారు. రాత్రి పెట్రోల్ బంకు లైట్ల కింద చూస్తే బానెట్ నిండా సాలెగూడులా గీతలు. అడిగితే అవి ముందు నుంచీ ఉన్నవే అన్నారు. ఇప్పుడు గీతలు పోవాలంటే కోటింగ్ తీయించాలి, మళ్ళీ డబ్బులు. అప్పటి నుంచి మిట్ అంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇబ్రహీంపట్నం ఎర్టిగా:
అది మిట్ తప్పెలా అవుతుందండీ? ఆ కుర్రాడికి బార్ ఇచ్చినా అదే పని చేసేవాడు. డోర్ల కింది భాగం ఆఖర్న చేయాలి, దానికి వేరే మిట్ ఉండాలి. ఎవడో సరిగా చేయలేదని వస్తువుని తిడితే ఎలా? ఇక పెయింటర్ గారూ, ఒక మాట అడుగుతాను. బండ్ల రంగు బాగుంటే మీ షెడ్డుకి పనేముంటుంది? మాలాంటివాళ్ళు సొంతంగా చేసుకోవడం మీకు గిట్టదు, అందుకే ప్రతిదానికీ ఒక వంక.

ఆటోనగర్ పెయింటర్:
మాట జారకండి. నాకు పని లేక ఇక్కడ కూర్చోలేదు. షాంపూ గురించీ మిట్ గురించీ కాదు నా బాధ. నెలనెలా క్లే చేస్తాను అని మీరు గొప్పగా రాశారు చూడండి, అక్కడ నాకు కాలింది. కంపెనీ నుంచి వచ్చిన రంగు, అడుగున వేసే ప్రైమర్ నుంచి పైన క్లియర్ దాకా అన్నీ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ 40, 50 మైక్రాన్లు ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఎంత జాగ్రత్తగా చేసినా క్లే ఎంతో కొంత గీత వదులుతుంది, ఆ గీత పోవాలంటే పాలిష్, పాలిష్ చేసినప్పుడల్లా క్లియర్ తరుగుతుంది. పోయిన క్లియర్ మళ్ళీ రాదు. కింది రంగుని ఎండ నుంచి కాచేది ఆ క్లియరే. మా షెడ్డులో ఇప్పుడొక సెడాన్ ఉంది, మెరుపు కోసం సర్వీసుకి వెళ్ళినప్పుడల్లా రబ్బింగ్, అంటే గట్టిగా రుద్దే పాలిష్, చేయించారట. రూఫ్ మీద క్లియర్ తెల్లబారి పొట్టు లేస్తోంది, గోరు పెడితే ఊడి వస్తోంది. దానికి ఎమరీ పేపర్ కొట్టి మొత్తం కొత్త రంగు వేయడం తప్ప దారి లేదు. ఆ పని నాకు డబ్బులిస్తుంది, నిజమే. అయినా వద్దనే చెబుతున్నాను.

ఇబ్రహీంపట్నం ఎర్టిగా:
సరే, ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు కాబట్టి నేనూ చెబుతాను. మీ బండి షెడ్డులో నీడన ఉంటుంది. నాది వీధిలో. పొద్దున లేచేసరికి అద్దం మీద బూడిద పలచగా పరుచుకుని ఉంటుంది, తెలియక వైపర్ వేస్తే కర్రుమంటుంది. పదేళ్ళ తర్వాత క్లియర్ మిగలాలని ఇప్పుడు గరుకు బండిలో తిరగమంటారా? నా కష్టార్జితంతో కొన్న బండి, ఈ రోజు ముట్టుకుంటే ఈ రోజు నున్నగా ఉండాలి. పదేళ్ళ తర్వాతి సంగతి తర్వాత. మీరు కాపాడమనేది రంగుని, నాకు కావాల్సింది బండి మీద నా ముచ్చట.

బ్రాడీపేట బాలెనో:
ఇద్దరూ చెప్పేది వేరే వేరే విషయం. కొంచెం చల్లబడండి.

ఆటోనగర్ పెయింటర్:
ముచ్చట వద్దని నేననలేదు. బూడిద సంగతి విడిగా చూడండి. అందులో ఎక్కువ సిలికా, అల్యూమినా, గట్టి రేణువులు. అది ఇనుములా గుచ్చుకోదు, మొదట్లో ఊరికే పైన కూర్చుంటుంది. దాన్ని రుద్దకూడదు, నీళ్ళతో జారగొట్టాలి. పైనుంచి కిందికి బాగా నీళ్ళు కొట్టి, ఫోమ్ వేసి నాననిచ్చి, మళ్ళీ నీళ్ళు కొట్టి, ఆ తర్వాతే గుడ్డ పెట్టాలి. ఇంకో మాట, క్లే చేస్తే మీరు వేసిన వ్యాక్స్, సీలెంట్ కూడా దాంతో పాటే పోతుంది. రంగు కాపు లేకుండా ఉంటే మురికి ఇంకా త్వరగా పడుతుంది. మీకు నెలకే గరుకు రావడానికి ఆ నెలనెలా క్లే కూడా ఒక కారణం అనుకుంటున్నాను.

ఇబ్రహీంపట్నం ఎర్టిగా:
క్లే చేసిన ప్రతిసారీ సీలెంట్ వేస్తున్నానండీ. లేకుండా వదలను.

ఆటోనగర్ పెయింటర్:
మంచిది. అయితే కవర్ పెట్టి చూసి, గరుకు తగిలిన ప్యానెల్ ఒక్కటే చేయండి. నున్నగా ఉన్న డోర్లని ఎందుకు రుద్దడం?

ఇబ్రహీంపట్నం ఎర్టిగా:
డోర్లు మానేస్తాను. రూఫ్, బానెట్ మాత్రం మానను.

పటమట ఐ20:
ఐరన్ రిమూవర్ కొట్టానండి, రూఫ్ మీంచి ఊదా రంగు ధారలుగా కారింది. గరుకు చాలావరకు పోయింది, రూఫ్ ముందు వైపు, బానెట్ మీద కొంచెం మిగిలింది. ఫైన్ బార్, స్ప్రే ల్యూబ్ తెప్పించాను. చెయ్యి గుండ్రంగా తిప్పాలా, నిలువుగానా?

ఆటోనగర్ పెయింటర్:
నిలువుగా, వెనక్కీ ముందుకీ. రెండడుగుల చదరం చొప్పున చేసుకోండి, తడి ఆరనివ్వొద్దు. బార్ సగం కోసుకుని మిగతాది దాచుకుంటే, పొరపాటున కింద పడినా సగమే పోతుంది. నొక్కొద్దు, వేళ్ళ బరువు చాలు. మొదట్లో గరగరమని చప్పుడొస్తుంది, పట్టు తెలుస్తుంది. ఆ చప్పుడు ఆగి జారడం మొదలయ్యాక ఇక అక్కడ రుద్దొద్దు.

కొత్తపేట స్విఫ్ట్:
నాది కూడా చెప్పండి మాస్టారూ. గీతలు తీయించడానికి పాలిష్‌కి ఇవ్వాలా, అలా వదిలేయాలా?

ఆటోనగర్ పెయింటర్:
ముందు ఎవరి దగ్గరైనా పెయింట్ గేజీ పెట్టించండి. అది మొత్తం మందమే చెబుతుంది, క్లియర్ ఒక్కటే ఎంతో చెప్పదు. అందుకని డోర్ తెరిచి ఎవరూ పాలిష్ పెట్టని లోపలి భాగంలో ఒక రీడింగ్, బానెట్ మీద నాలుగైదు చోట్ల రీడింగ్ తీయించండి. లోపలి భాగం మామూలుగానే కొంచెం పలచగా ఉంటుంది, కాబట్టి బానెట్ దానికంటే తక్కువ చూపిస్తే పాలిష్‌కి ఒప్పుకోవద్దు. రీడింగులు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.