జైసల్మేర్‌లో కోటలు కాకుండా ఇంకేం చూడొచ్చు?

ఓరుగల్లుబండి:
డిసెంబరులో మూడు రోజులు జైసల్మేర్ వెళ్తున్నాం. ఇసుక తిన్నెలు, పక్షులు, రాళ్లు చూడాలని. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. తిన్నెలకు సమ్ ఊరు మంచిదా, ఖూరీనా?

ఎడారిదారి:
ఖూరీకే వెళ్లండి. సమ్ జైసల్మేర్‌కు దగ్గరే, 40 కి.మీ., కానీ సీజన్లో డీజే మోతలూ జీపు చక్రాల గాట్లే ఎక్కువ. సాయంత్రం నాలుగున్నరకల్లా తిన్నె దగ్గరుండాలి. ఎండ ఏటవాలుగా పడితేనే ఇసుక మీది అలలు తేలి కనిపిస్తాయి, మిట్టమధ్యాహ్నం అంతా తెల్లగా చదునే.

గాలి వీచే వైపు ఇసుక గట్టిగా, వాలు తక్కువగా ఉంటుంది. నాన్నగారిని అటునుంచే ఎక్కించండి. రెండోవైపు వాలు 30 డిగ్రీలు దాటుతుంది, కాలు పిక్కదాకా దిగబడుతుంది. ఒంటె లేచేటప్పుడు వెనక కాళ్లు ముందు లేపుతుంది, మనం ముందుకు తూలిపోతాం. వెనక్కి వాలి జీను పట్టుకోవాలి. ఆయనకైతే ఒంటె బండే నయం. బేరం ఎక్కకముందే తేల్చుకోండి: ఎంతసేపు, ఎక్కడిదాకా, రేటు ఒంటెకా మనిషికా అని.

పిట్టలపిచ్చి:
డెజర్ట్ నేషనల్ పార్క్ 3,162 చ.కి.మీ. ఉంటుంది, ఊరికే తిరిగితే ఏమీ దొరకదు. పార్కులోనే ఉన్న సుదాసరి ప్రాంతం అడగండి. జైసల్మేర్ అటవీశాఖ ఆఫీసులో ముందురోజే అనుమతి తీసుకోండి, సెలవురోజు చూసుకోకపోతే ప్లానంతా పోతుంది. మన రోళ్లపాడు పేరు చెప్పగానే గుర్తొచ్చే బట్టమేక పక్షికి ఇప్పుడు ప్రధాన ఆవాసం ఇదే. కనబడుతుందన్న హామీ లేదు, చింకారా జింకలు మాత్రం కనిపిస్తాయి. బట్టమేక బరువైన పక్షి, ఎదుటి చూపు తక్కువ, కరెంటు తీగ కనిపించేసరికి తప్పుకోలేదు. అలా చాలా పోయాయి.

జోధ్‌పూర్ మీదుగా వస్తుంటే ఫలోది పక్కనున్న ఖీచన్‌లో ఆగండి. శీతాకాలంలో కుర్జా కొంగలు వేలల్లో దిగుతాయి. పొద్దున్నే గింజలు చల్లే చోటికి చేరాలి. ఎండెక్కాక చెరువుల వైపు వెళ్లిపోతాయి.

ఓరుగల్లుబండి:
మరి రాళ్లు?

రాతిపొర:
అకల్ శిలాజ వనం. జైసల్మేర్ నుంచి బార్మేర్ రోడ్డులో 17 కి.మీ. సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి చెట్ల మానులు రాళ్లయి పడున్నాయి. నీటిలోని సిలికా అనే ఖనిజం కలపలోకి ఇంకి గట్టిపడింది, అందుకే దగ్గరకెళ్లి చూస్తే రాతిలో కలప చారలు కనిపిస్తాయి. పెద్ద మానులకు రేకుల కప్పు, ఇనుప కటకటాలు వేశారు. మనకు మాత్రం నీడ లేదు, పొద్దున్నే వెళ్లండి. చిన్న ముక్క కూడా జేబులో వేసుకోకండి. పిల్లలుంటే వాళ్ల జేబులూ చూడండి.