నాన్నమ్మ రోజులు ఎలా గడిచేవో ఇప్పుడు తెలుసుకోవడం ఎలా?

పాతట్రంకు:
నాన్నమ్మ ట్రంకు పెట్టె మొన్న నా చేతికొచ్చింది. అందులో పదకొండు ఫొటోలు, దూరాన పనిచేసిన తాతయ్యకు ఆవిడ పంపిన ఉత్తరాల కట్ట (ఆయన దాచుకుని తిరిగి తెచ్చినట్టున్నారు), ఒక చిన్న లెక్కల పుస్తకం ఉన్నాయి. ఆ పుస్తకం నిండా గీతలూ చిన్న చిన్న బొమ్మలే, చూస్తే పిల్లలు గీసినట్టుంది. రెండేళ్ళుగా వంశవృక్షం గీస్తున్నాను, ఏడు తరాల వెనక్కి వెళ్ళాను కానీ తీరా చూస్తే అది బడిలో హాజరు పట్టీలా ఉంది. వీళ్ళు పొద్దున్నే లేచి ఏం చేసేవాళ్ళో, ఎవరితో మాటల్లేవో ఒక్క ముక్క తెలీదు. ఆ తరంలో మేనత్త ఒక్కరే మిగిలారు, ఎనభై దాటాయి. "మీ చిన్నప్పుడు జీవితం ఎలా ఉండేది అత్తయ్యా" అంటే "ఏముంది, అందరిలాగే" అని టీవీ సౌండ్ పెంచారు. ఇంకో తలనొప్పి, నాన్నమ్మ వయసు ఒక కాగితంలో 30, ఐదేళ్ళ తర్వాతి కాగితంలో 40!

గోడపక్కమంచం:
మీరు ఆవిడని వ్యాసం రాయమన్నారండీ, అందుకే టీవీ వైపు తిరిగారు. చిన్న ప్రశ్నలు అడగండి. ఆ ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకునేవాళ్ళు, ముందు లేచేదెవరు, నీళ్ళు ఎవరు తెచ్చేవాళ్ళు, దీపం ఆర్పాక కూడా మాటలు సాగేవా. చేతిలో ఏదైనా వస్తువు పెట్టి అడిగితే ఇంకా మంచిది. మా పెద్దమ్మకి ఒక పాత ఫొటో చూపించి, అందులో మనుషుల గురించి కాకుండా మూలన ఉన్న కుర్చీ గురించి అడిగాను. "అది మనది కాదే, ఫొటో కోసం పక్కింట్లోంచి తెచ్చాం" అని మొదలుపెట్టి గంటన్నర ఆపలేదు. ఆ కుర్చీ తిరిగివ్వడం ఆలస్యమై మాటా మాటా పెరిగి రెండిళ్ళకీ నాలుగేళ్ళు మాటల్లేవట, అయినా ఏదన్నా అవసరం పడితే గోడ మీంచి పిల్లల చేత కబురు పంపుకునేవాళ్ళట. ఇరవై ఏళ్ళుగా చూస్తున్న ఫొటో, ఆ కుర్చీ నా కంట్లో పడనే లేదు. అన్నట్టు, చెప్పి రికార్డింగ్ పెట్టండి, మధ్యలో "అది ఆ ఏడాది కాదు కదా" అని మాత్రం సరిదిద్దకండి, అంతటితో ఆగిపోతారు.

గీతలెక్క:
వయసు గురించి టెన్షన్ పడకండి. పుట్టినరోజుతో పనే లేని చోట, ఎవరైనా అడిగితే 0తోనో 5తోనో అయిపోయే అంకె చెప్పేసేవాళ్ళు, లేదా రాసే గుమాస్తా మొహం చూసి వేసేసేవాడు. ఇది ఎంత మామూలంటే జనాభా లెక్కలు చూసేవాళ్ళు దీన్ని కొలవడానికి విపుల్ (Whipple) సూచీ అని ఒకటి పెట్టుకున్నారు. రెండు వయసులూ ఆ కాగితాల తేదీలతో సహా రాసుకోండి, ఒకటి కొట్టేయకండి. ఎవరి పెళ్ళికి ముందు, ఏ బిడ్డ చంకలో ఉన్నప్పుడు అని అడిగితే అసలు వయసు దానంతటదే దగ్గరికొస్తుంది.

ఏడు తరాలన్నారు కదా, ఒక పని చేయండి. మీకు 1 వేసుకోండి, నాన్నకి 2, అమ్మకి 3. ఎవరి తండ్రికైనా వాళ్ళ నంబర్‌కి రెట్టింపు, తల్లికి దానికి ఒకటి ఎక్కువ. అంటే మీ నాన్నమ్మ 5. ఏడు తరాల వెనక ఆ ఒక్క వరసలోనే 128 గడులుంటాయి. మీకు దొరికింది తండ్రి, తండ్రి తండ్రి అంటూ సాగిన ఒకే గీత అని నా అనుమానం. మిమ్మల్ని తీసేస్తే బేసి నంబర్లన్నీ ఆడవాళ్ళే, అవి ఎన్ని ఖాళీగా ఉన్నాయో చూడండి.

అట్టపెట్టె:
పెట్టెలోంచి ఏదీ కదపకముందే ఫొటో తీసుకోండి, ఏది దేనికింద ఉందన్నది కూడా సమాచారమే. ఫొటోలు లామినేషన్ చేయించొద్దు, జిగురు పేజీల ఆల్బమ్‌లో అంటించొద్దు. వెనక మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయండి, రెండు వైపులా స్కాన్ చేయండి. పాత ఫొటోల్లో అందరూ బిగుసుకుపోయి ఉంటే కోపిష్ఠివాళ్ళనుకోకండి. ఫొటోగ్రఫీ 1839లో బయటికొచ్చిన కొత్తలో బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది, కదిలితే చెడిపోయేది. తర్వాత సెకన్లలోకి వచ్చినా బిగుసుకుని నిలబడే అలవాటు చాలాకాలం పోలేదు. నాకైతే ఆ లెక్కల పుస్తకం మీదే ఆశ. ఉత్తరం ఎదుటివాళ్ళ కోసం రాస్తాం, లెక్క మన కోసం రాసుకుంటాం.

పాతట్రంకు:
నిన్న పుస్తకం పట్టుకుని అత్తయ్య దగ్గరికెళ్ళాను. ఏమీ అడగలేదు, ఒళ్ళో పెట్టానంతే. ప్రతి రెండు మూడు పేజీలకీ ఒక కలం బొమ్మ, దాని పక్కన రెండో మూడో నిలువు గీతలు ఉంటాయి. దాని మీద వేలు పెట్టి "ఓసి, ఈవిడా!" అని తనే టీవీ కట్టేశారు. మా నాన్నమ్మకి చదవడం, రాయడం రాదట! వీధి చివర ఉండే ఒకావిడ ఉత్తరాలు రాసిపెట్టేదట, ఎన్ని రాస్తే అన్ని గీతలు, ఆ లెక్కన డబ్బులిచ్చేదట. ఇన్నాళ్ళూ నాన్నమ్మ దస్తూరీ అని నేను తడుముకుంటున్నది ఆవిడది. "అందులో వేళాకోళాలు సగం ఆవిడ సొంతమేరా, మీ తాతయ్యకి తెలిసేది" అని అత్తయ్య ఒకటే నవ్వు.

గీతలెక్క గారూ, మీ అనుమానం నిజమే, 128లో నాకున్నది ఒక్క పేరు. ఈ ఉత్తరాల ఆవిడకి ఏ నంబరూ రాదు కానీ చార్టు పక్కన కలం బొమ్మ గీసుకున్నాను. చివరి పది పేజీల్లో ఆ బొమ్మ కనిపించదు. ఎందుకని అడిగితే అత్తయ్య కాసేపు ఊరుకుని, రేపు రమ్మన్నారు.