కుమార్ రాకర్‌ని 2024 సెప్టెంబర్‌లోనే మేజర్స్‌కి (బేస్‌బాల్‌లో అగ్రస్థాయి లీగ్‌కి) పిలవాలా? (2024 సీజన్ నాటి చర్చ)

ఫ్రిస్కో_బాబాయ్:
పిచర్ కుమార్ రాకర్ ఇప్పుడు మా ఫ్రిస్కో రఫ్‌రైడర్స్‌కి, అంటే టెక్సస్ రేంజర్స్ కింది డబుల్-ఏ (మేజర్స్‌కి రెండు మెట్లు కింద) టీమ్‌కి, వేస్తున్నాడు. 2023 మేలో మోచేతికి టామీ జాన్ సర్జరీ (దెబ్బతిన్న లిగమెంట్ మార్చే ఆపరేషన్) అయ్యాక తిరిగొచ్చిన సీజన్ ఇది. ఈ 2024లో రేంజర్స్ ప్లేఆఫ్ ఆశలు ఎటూ అడుగంటాయి. సెప్టెంబర్‌లో పైకి పిలిచి రెండు మూడు మ్యాచ్‌లు వేయిస్తే పోయేదేముంది?

మొన్న స్టేడియంలో చూశాను. రెండు స్ట్రైకులు (మూడైతే అవుట్) పడ్డాక స్లైడర్, అంటే చివర్లో పక్కకీ కిందికీ జారే బంతి, వేశాడు. బంతి నడుం ఎత్తులో వస్తోందనుకుని బ్యాటర్ ఊపేశాడు, అదేమో ప్లేట్ ముందు మట్టిలో పడింది. క్యాచర్ ఛాతీతో ఆపి, బ్యాటర్‌ని తాకి అవుట్ చేశాడు. డబుల్-ఏలో వృథా చేసే బంతా అది?

ఆస్టిన్_రవి:
స్లైడర్ సంగతి 2019లోనే తెలుసు బాబాయ్. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో మొదటి ఏడాదే డ్యూక్ యూనివర్సిటీ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 స్ట్రైక్‌అవుట్లు తీశాడు. డౌటల్లా చెయ్యి మీదే. 2021లో న్యూయార్క్ మెట్స్ డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వరసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేది) పదో పిక్‌గా తీసుకుని, 60 లక్షల డాలర్లకు మాటయ్యాక, మెడికల్ రిపోర్టు చూసి వెనక్కి తగ్గారు. ఆ ఏడాదే భుజానికి ఆపరేషన్, తర్వాత మోచెయ్యి. కాలేజీలో చివరి ఏడాది 122 ఇన్నింగ్స్ వేసినవాడు, 2022లో ఇండిపెండెంట్ లీగ్‌లో (మేజర్స్ టీమ్‌లతో సంబంధం లేనిది) 20, 2023లో రేంజర్స్ కింది టీమ్ హికరీలో 28 వేసి ఆగిపోయాడు. ఇప్పుడు తొందరేంటి?

స్లైడర్_సుబ్బి:
చెయ్యేమన్నా ఊరగాయా రవీ, జాడీలో పెడితే నిల్వ ఉండటానికి? ఫ్రిస్కోలో వేసినా రేంజర్స్ ఆడే ఆర్లింగ్‌టన్‌లో వేసినా అరిగేది అదే మోచెయ్యి. ఎలాగూ ఇన్నింగ్స్ లెక్కపెట్టి వేయిస్తున్నారు. ఆ కాసిని బంతులూ మంచి బ్యాటర్ల మీద వేస్తే వాడికీ, టీమ్‌కీ ఏదో ఒకటి తెలుస్తుంది. నవంబర్‌కి పాతికేళ్లు నిండుతాయి, ఇంకా కుర్రాడేం కాదు.

ఆస్టిన్_రవి:
అక్కా, పిచర్ జాక్ లైటర్‌ని మర్చిపోయారా? అదే వాండర్‌బిల్ట్, అదే రేంజర్స్. ఏప్రిల్‌లో డెట్రాయిట్‌లో అరంగేట్రం చేస్తే నాలుగో ఇన్నింగ్స్ పూర్తికాకుండానే ఏడు రన్స్ ఇచ్చాడు.

నాలుగో_బంతి:
ఇద్దరూ చెయ్యి దగ్గరే ఆగిపోయారు. నాకు భయం ఫాస్ట్‌బాల్ గురించి. స్పీడ్ ఉంది కానీ వంపు లేకుండా తిన్నగా వస్తుంది. డబుల్-ఏ కుర్రాళ్లు స్లైడర్ వెంటపడి అవుటైపోతారు. మేజర్స్‌లో దాన్ని వదిలేస్తారు. రెండు బాల్స్ (స్ట్రైక్ జోన్ బయట పడి, బ్యాటర్ వదిలేసిన బంతులు) పడ్డాక ఇక ఫాస్ట్‌బాల్ వెయ్యక తప్పదు, దాని కోసమే కాచుకుని ఉంటారు. ఛేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనబడి నెమ్మదిగా వచ్చే బంతి) మీద నమ్మకం కుదరకపోతే చివరికి బుల్‌పెన్‌లో, అంటే మ్యాచ్ మధ్యలో దిగి, ఒక్క ఇన్నింగ్స్ వేసే పిచర్‌గా మిగులుతాడు. రేంజర్స్ 2022 డ్రాఫ్ట్‌లో మూడో పిక్ వాడింది దానికోసమా?

ఇంకోటి, వాళ్ల అమ్మగారిది ఇండియా మూలాలున్న కుటుంబం, పేరు కుమార్ అని మనవాళ్లు రేటింగ్‌లో అరమార్కు ఎక్కువేస్తున్నారు. నేనూ టీషర్ట్ కొన్నాను, అది వేరే విషయం.

స్లైడర్_సుబ్బి:
ఫాస్ట్‌బాల్ పాయింట్ ఒప్పుకుంటా. అందుకే ముందు ఆస్టిన్ పక్కనున్న రౌండ్ రాక్‌లో (రేంజర్స్ ట్రిపుల్-ఏ టీమ్, మేజర్స్‌కి ఒక మెట్టు కింద) రెండు మ్యాచ్‌లు వేయించమంటాను. ట్రిపుల్-ఏలో మేజర్స్‌కి వెళ్లొచ్చిన పాత బ్యాటర్లుంటారు, మట్టిలో పడే స్లైడర్‌కి అంత తేలిగ్గా ఊపరు. అక్కడ వాక్స్ (నాలుగు బాల్స్ పడి బ్యాటర్ ఊరికే ఫస్ట్ బేస్‌కి వెళ్లడం) పెరగకపోతే సెప్టెంబర్‌లో పిలవాల్సిందే. పెరిగితే రవి మాటే నెగ్గింది.

ఫ్రిస్కో_బాబాయ్:
రౌండ్ రాక్‌కి పంపితే రవికి పక్కనే. మా ఇంటి నుంచి మూడు గంటల డ్రైవ్, ఐ-35 మీద ఇంకా ఎక్కువే.